ఇనసాల్ ఎవరిది? ఫిలిప్పీన్స్ కాల్చిన కోడి వెనకున్న చెరకు, కొబ్బరి, కల్లు

దావావోలోనో సెబూలోనో మెడిసిన్ చదువుతున్న మన పిల్లల్ని అక్కడి తిండి ఎలా ఉందని అడిగి చూడండి. కూరలన్నీ తియ్యగా ఉంటాయనీ, కారం అన్నదే కనబడదనీ, కాల్చిన చికెన్ ఒక్కటే కాస్త గొంతు దిగుతుందనీ అంటారు. ఆ దిగే చికెన్ పేరు ఇనసాల్. ఎక్కడ తిన్నారంటే ఎక్కువమంది ఒకే చెయిన్ రెస్టారెంట్ పేరు చెబుతారు. దాంతో ఫిలిప్పీన్స్ కాల్చిన కోడి అంటే అదేనన్న అభిప్రాయం స్థిరపడిపోతుంది.

నిజానికి ఈ పేరు చుట్టూ పెద్ద చిక్కుముడి ఉంది. బకోలోడ్‌లో ఇనసాల్ అంటే వెదురు బద్దకు గుచ్చి కాల్చిన కోడి ముక్క. సముద్రపాయకు అవతలున్న ఇలోయిలోలో అది తమదేనంటారు, కాకపోతే అక్కడ పేరు మోసిన చోట వడ్డించేది మొత్తం నాటుకోడి. సెబూకి వెళ్లి ఇనసాల్ అంటే నిలువునా కాల్చిన పందిని చూపించే అవకాశం కూడా ఉంది. మనీలా వీధుల్లో యంత్రం మీద తిరుగుతూ కాలే కోళ్లది వేరే కథ, దక్షిణాన సులు ద్వీపాల్లో నల్లగా కాలే కోడిది మరో లోకం. వీటన్నిటినీ "ఫిలిపినో గ్రిల్డ్ చికెన్" అని ఒకే గాటన కట్టేస్తే ఏదీ అర్థం కాదు. కోడి సంగతి కాసేపు వదిలేసి, పులుపు దేనితో పెట్టారు, కొవ్వు ఏది వాడారు అని అడిగితే మాత్రం సగం చిక్కు విడిపోతుంది. ఎందుకంటే ఆ రెండూ ఊరి నేలను బట్టి వస్తాయి.

బకోలోడ్‌తో మొదలుపెడదాం. నెగ్రోస్ ద్వీపం పశ్చిమ తీరంలో ఉన్న ఈ నగరం నెగ్రోస్ ఆక్సిడెంటల్ ప్రావిన్స్‌కి రాజధాని. చుట్టూ చెరకు తోటలు, చక్కెర మిల్లులు. దేశంలో పండే చక్కెరలో పెద్ద వాటా ఈ ద్వీపానిదే. ఇక్కడి కోడి దుకాణాలను మనోకాన్‌లంటారు. ముందు వరసలో పొడుగాటి బొగ్గుల పొయ్యి, దాని మీద పదుల కొద్దీ వెదురు బద్దలు, ప్రతి బద్దకూ ఒక ముక్క. కాల్చే మనిషికి ఒక చేతిలో విసనకర్ర, రెండో చేతిలో కుంచె. కుంచె ముంచే గిన్నెలో నారింజ రంగు నూనె. ముక్క తిప్పినప్పుడల్లా దాని మీద నూనె పూస్తాడు, కింద బొగ్గుల మీద చుక్కలు పడి చుయ్యిమంటాయి, లేచిన పొగ మళ్లీ ముక్కకే పడుతుంది. బకోలోడ్ ఇనసాల్ రుచిలో సగం ఆ పొగదే.

ముక్కలను అంతకుముందే నానబెట్టి ఉంచుతారు. కొబ్బరి కల్లు పులిసి వెనిగర్ అయినది, కలమన్సీ అనే గోలీకాయంత నిమ్మకాయల రసం, దంచిన నిమ్మగడ్డి, వెల్లుల్లి, అల్లం, ఉప్పు, మిరియాలు, కాస్త ముదురు రంగు పంచదార. అంతే. పసుపు లేదు, ధనియాలు లేవు, గరం మసాలా ఊసే లేదు. తందూరీకి అలవాటుపడిన నాలుకకు ఇది మొదట చప్పగా తోచడంలో ఆశ్చర్యం లేదు. పెరుగు మసాలాలను మోసుకొచ్చి ముక్కకు పట్టిస్తుంది. వెనిగర్‌కు అలాంటి పని లేదు. అది మాంసం పైపొరను కొద్దిగా వదులు చేసి, నీచు తగ్గించి, నిమ్మగడ్డి వాసన పట్టేలా చేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మాంసం పిండిలా అయిపోతుంది కాబట్టి రాత్రంతా పులుపులో ఊరబెట్టడం మంచి పద్ధతి కాదు. పంచదార ఎక్కువైతే లోపల ఉడకకముందే పైన మాడుతుంది. తెలిసినవాళ్లు బొగ్గులు మంట తగ్గి బూడిద కప్పుకునే దాకా ఆగుతారు.

నారింజ రంగు వచ్చేది అచువెతె గింజల నుంచి. మన దగ్గర జాఫ్రా అంటాం. మన్యం ప్రాంతాల్లో గిరిజన రైతులు పండిస్తారు, వెన్నకూ చీజ్‌కూ రంగు కోసం కంపెనీలు కొంటాయి, మనం మాత్రం కూరలో వేసుకోం. ఈ మొక్క పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కోకీ మనీలాకీ మధ్య స్పెయిన్ వాళ్ల ఓడలు తిరిగాయి. ఆ దారిన ఫిలిప్పీన్స్‌కి చేరిన అమెరికా మొక్కల్లో ఇదొకటి. జాఫ్రాలోని ప్రధాన రంగు నీళ్లలో కంటే నూనెలో బాగా దిగుతుంది. అందుకే గింజలను సన్నసెగ మీద నూనెలో వేడిచేసి, వడకట్టి, ఆ నూనెలో మార్జరిన్ కలిపి ముక్కలకు పూస్తారు. రుచి పరంగా జాఫ్రా చేసేది పెద్దగా ఏమీ లేదు, చిన్న మట్టి వాసన తప్ప. రంగే దాని పని.

కారం ఏదీ అన్న ప్రశ్నకు జవాబు బల్ల మీద ఉంటుంది. ఫిలిప్పీన్స్ వంటలో రుచి చివరి మెట్టు తినేవాడిదే. కూర్చోగానే ఒక చిన్న గిన్నె, కోసిన కలమన్సీలు, సోయాసాస్ సీసా, చిన్న చిన్న ఎర్ర మిరపకాయలు, ఇంకా సినమాక్ సీసా పెడతారు. సినమాక్ ఈ పశ్చిమ విసాయాస్ (దేశం నడిమి ద్వీపాల్లో పడమటి భాగం) ప్రాంతపు ప్రత్యేకత: కొబ్బరి వెనిగర్‌లో మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం, మిరియాలు, దుంపరాష్ట్రం ముక్కలు వేసి రోజుల తరబడి ఊరనిస్తారు. సోయా కొంచెం, సినమాక్ కొంచెం, రెండు కలమన్సీలు పిండి, రెండు మిరపకాయలు వేలితో చిదిమి, ముక్క చీల్చి అందులో ముంచి తినాలి. ఇది చేయకుండా ఉత్త ముక్క తిని "కారం లేదు" అనడం ఇడ్లీని చట్నీ లేకుండా తిని తీర్పు చెప్పడమే.

పక్కనే ఇంకో సీసా ఉంటుంది, పసుపుపచ్చటి కోడి నూనెతో. కోడి చర్మం, కొవ్వు కరిగించి అందులో వెల్లుల్లి, జాఫ్రా వేసి తీసినది. దీన్ని వేడి అన్నం మీద పోసుకుంటారు. నన్నడిగితే ఇనసాల్ భోజనంలో అసలు పట్టు ఈ అన్నంలోనే ఉంది. వేడన్నంలో నెయ్యి వేసుకునేవాళ్లకు ఇది ఎందుకో చెప్పనక్కర్లేదు. విసాయాస్‌లో చేత్తో తినడాన్ని కినమోత్ అంటారు, మనోకాన్‌లో అదే మర్యాద. చేతులు కడుక్కునే చోటు దగ్గర్లోనే ఉంటుంది, కొన్ని చోట్ల ప్లాస్టిక్ చేతితొడుగులు కూడా ఇస్తారు. ఆ తొడుగులు మనకు అవసరం లేదు.

ఆర్డర్ ఇవ్వాలంటే నాలుగు మాటలు చాలు. పాఆ అంటే లెగ్ పీస్. పెచో అంటే రొమ్ము ముక్క, అది తరచుగా రెక్కతో కలిసే వస్తుంది. పక్‌పక్ అంటే రెక్క. బతికులోన్ అంటే కందనకాయలు, అతాయ్ అంటే కార్జం, ఇవి పుల్లకు వరసగా గుచ్చి వస్తాయి. ఇసోల్ అని ఇంకొకటుంది. కోడి తోక మొదట్లో ఉండే కొవ్వు ముక్క. మనం చాలామందిమి కోసి పారేస్తాం. బకోలోడ్‌లో దానికి గిరాకీ ఎక్కువ, ఆలస్యంగా వెళ్తే అయిపోయిందంటారు. పుల్లకు నాలుగైదు గుచ్చి, కొవ్వు కరిగి అంచులు కరకరలాడే దాకా కాలుస్తారు. మొదటిసారి వెళ్లినవాళ్లు మొహమాటపడకుండా ఒక పుల్ల చెప్పి చూడండి.

ఇప్పుడు తగాదా సంగతి. ఇనసాల్ బకోలోడ్‌దా, ఇలోయిలోదా? ఈ రెండు నగరాల మధ్య గిమరాస్ జలసంధి, అందులో గిమరాస్ ద్వీపం. ఫాస్ట్ ఫెర్రీ ఎక్కితే గంటా గంటన్నరలో దాటొచ్చు. రెండు చోట్లా మాట్లాడేది హిలిగైనోన్ భాషే. ఒకే భాష, ఒకే వంట రెండు ద్వీపాల మీద ఎలా ఉన్నాయన్నది తెలిస్తే తగాదా దానంతటదే పలచబడుతుంది.

19వ శతాబ్దం మధ్య వరకు ఇలోయిలో నేతకు పేరు. అనాస ఆకుల నార, పట్టు, పత్తి కలిపి నేసిన బట్టలు అక్కణ్ణుంచి బయటికి వెళ్లేవి. 1855లో స్పెయిన్ పాలకులు ఇలోయిలో రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. మరుసటి ఏడాది, 1856లో, నికొలస్ లోనీ అనే ఆంగ్లేయుడు బ్రిటిష్ వైస్ కాన్సుల్‌గా అక్కడికొచ్చాడు. మాంచెస్టర్ మిల్లు బట్టను చవగ్గా దింపాడు. తిరుగు ఓడల్లో చక్కెర నింపుకెళ్లాలి కాబట్టి, చెరకు వేసేవాళ్లకు అప్పులిచ్చి, గానుగ యంత్రాలు తెప్పించాడు. ఇలోయిలో మగ్గాలు మూలపడ్డాయి. డబ్బున్నవాళ్లు జలసంధి దాటి నెగ్రోస్‌లో అడవులు కొట్టి హసియెందా అనే పెద్ద పెద్ద ఎస్టేట్లు కట్టుకున్నారు, వాళ్ల వెనకే కూలీలు వెళ్లారు. చేనేతను మిల్లు బట్ట ఏం చేసిందో తెలిసిన మన జిల్లాలకు ఈ కథలో మొదటి సగం కొత్తేమీ కాదు.

కాబట్టి వంట జలసంధి దాటింది, మనుషులతోపాటే. కొబ్బరి వెనిగర్, నిమ్మగడ్డి, అచువెతె రెండు తీరాల్లోనూ ఉన్నాయి. పులుపుతో నానబెట్టి కాల్చే పద్ధతి ముందు నుంచీ ఇలోంగోలది, అంటే హిలిగైనోన్ మాట్లాడే జనానిది. దాన్ని ముక్కలు చేసి, బద్దకు గుచ్చి, రాత్రిపూట వీధి దుకాణంలో అమ్మే ఒక వ్యాపారంగా నిలబెట్టిన ఖ్యాతి మాత్రం బకోలోడ్‌కి దక్కుతుంది. 1970ల్లో క్వాడ్రా వీధిలో వరసగా కోడి దుకాణాలు వెలిశాయి. తర్వాత రేవు పక్కన సముద్రాన్ని పూడ్చిన నేల మీద మనోకాన్ కంట్రీ అనే దుకాణాల వరస పేరుకెక్కింది.

ఆ దశాబ్దం నెగ్రోస్‌కి ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. అమెరికాతో ఉన్న లారెల్-లాంగ్లీ ఒప్పందం 1974లో ముగిసి, ఫిలిప్పీన్స్ చక్కెరకు అక్కడ దక్కే ప్రత్యేక కోటా పోయింది. 1980ల మధ్యకొచ్చేసరికి ప్రపంచ మార్కెట్లో చక్కెర ధర కుప్పకూలింది. ఒకే పంట మీద బతికిన ద్వీపంలో ఎస్టేట్లు మూతపడ్డాయి, కూలీల పిల్లలు ఆకలితో చిక్కిపోయిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. అదే ద్వీపం తీయటి పేస్ట్రీలకూ, సిలాయ్ పట్టణంలోని భూస్వాముల మేడలకూ కూడా ప్రసిద్ధి. కందనకాయ నుంచి తోక దాకా విడివిడిగా, ఎవరి జేబుకు తగ్గట్టు వాళ్లకు అమ్మే మనోకాన్ ఈ రెండు లోకాల మధ్య పుట్టింది. ఎస్టేట్ యజమాని కారు దిగి పెచో తినొచ్చు, జీప్నీ (అక్కడి షేర్ జీపు) డ్రైవర్ రెండు పుల్లల ఇసోల్‌తో కప్పు అన్నం లాగించొచ్చు. ఈ అమ్మకం పద్ధతి కష్టకాలంలో దుకాణాలను నిలబెట్టి ఉంటుందన్నది నా ఊహ.

ఇలోయిలో వైపు వాదనకూ బలం ఉంది. అక్కడ విల్యా అరెవాలో సముద్రతీరంలో 1970ల నుంచి నడుస్తున్న తతోయ్స్ మనోకాన్ చాలా ప్రసిద్ధి. అక్కడ మొత్తం నాటుకోడి కడుపులో నిమ్మగడ్డి కూరి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బాయిలర్ కోడి అయిదారు వారాల్లో కోతకొస్తే, నాటుకోడికి నాలుగైదు నెలలు పడుతుంది. చిన్నగా, బిగువుగా, నమలడానికి పని పెట్టేలా ఉంటుంది, రుచి ముదురు. ఇలోయిలో ఉన్న పనాయ్ ద్వీపంలో దరాగ్ అనే నాటు జాతి ఉంది, దాన్ని కాపాడే ప్రయత్నాలు అక్కడి విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్నాయి. మన ఊళ్లో నాటుకోడి పులుసు మీద ప్రాణం పెట్టేవాళ్లకు బకోలోడ్ కన్నా ఇలోయిలోయే నచ్చుతుందని నా పందెం.

పందెం అన్నాను కాబట్టి ఒక పక్కమాట. కోడిపందేలు ఫిలిప్పీన్స్‌లో చట్టబద్ధం, 1974లో దానికోసం ప్రత్యేకంగా ఒక డిక్రీ తెచ్చారు. పందెం పుంజుల పెంపకంలో నెగ్రోస్ దేశంలోనే ముందు వరస. మరి ఓడిన పుంజు పొయ్యి మీదికెక్కుతుందా? ఎక్కుతుంది గానీ బొగ్గుల మీదికి కాదు. కండ గట్టిపడిన పుంజును గంటల తరబడి ఉడికించాల్సిందే. భీమవరం వైపు సంక్రాంతి మర్నాడు జరిగేదీ అదే కదా.

సెబూ దగ్గర ఎక్కువసేపు ఆగను. అక్కడ ఇనసాల్ అన్న మాట పాతతరం నోట లెచోన్‌కి, అంటే నిప్పుల మీద తిప్పి కాల్చిన పందికి వాడుక. కోడినీ అదే పద్ధతిలో, కడుపులో నిమ్మగడ్డి కూరి, నిలువునా కాలుస్తారు. నగరం నడిబొడ్డున ఫ్వెంతె ఒస్మెన్యా కూడలి దగ్గర లార్సియన్ అనే చోట బార్బెక్యూ దుకాణాలు గుంపుగా ఉంటాయి. అన్నం పుసో రూపంలో వస్తుంది. కొబ్బరాకులను చిన్న బుట్టలా అల్లి, అందులో బియ్యం పోసి ఉడికించిన గట్టి అన్నం ముద్ద అది. గుత్తులు గుత్తులుగా వేలాడదీసి అమ్ముతారు. సెబూలో చదివే తెలుగు విద్యార్థులకు రాత్రిపూట చవగ్గా కడుపు నింపేది ఇదే.

మనీలా వీధి పొయ్యిలది తమాషా. అక్కడ కోడిలో వృథా అయ్యే భాగమంటూ లేదు, ప్రతిదానికీ ఒక ముద్దుపేరు ఉంది. కోడి కాళ్లు అడిడాస్, తల హెల్మెట్, గడ్డకట్టిన రక్తం ముక్కలు పాత వీడియో క్యాసెట్ ఆకారంలో ఉంటాయి కాబట్టి బీటామాక్స్. పేగులను ఇసావ్ అంటారు. ఇక మొత్తం కోడిని యంత్రంలో తిప్పి కాల్చే లెచోన్ మానోక్ 1980ల మధ్యలో రాజధానిని ఊపేసింది. ఆండోక్స్ అనే పెద్ద బ్రాండ్ 1985లో మొదలైంది. ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ ఒక కోడి కట్టించుకెళ్లడం అక్కడ మధ్యతరగతికి అలవాటైంది.

ఇక మన పిల్లలు చెప్పే ఆ చెయిన్. మాంగ్ ఇనసాల్‌ను ఎడ్గర్ సియా అనే యువ వ్యాపారి 2003లో ఇలోయిలోలో, ఒక మాల్ కార్ పార్కింగ్ దగ్గర తెరిచాడు. అంటే బకోలోడ్ పేరు మోసిన వంటను దేశమంతా పంచింది ఇలోయిలో మనిషి. 2010లో ఆ దేశపు పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థ జాలీబీ 300 కోట్ల పెసోలకు 70 శాతం వాటా కొంది, 2016లో మిగతా 30 శాతాన్ని 200 కోట్లకు తీసుకుంది. దాని విజయానికి కోడి ఎంత కారణమో అన్నం అంతకన్నా ఎక్కువ. అడిగినంత అన్నం ఉచితం అన్న పద్ధతితో అది జనాన్ని లాక్కుంది. 2017లో సింతియా విల్యార్ అనే సెనేటర్ ఈ అపరిమిత అన్నం మధుమేహానికి దారితీస్తుంది, ఆపాలన్నట్టు మాట్లాడితే సోషల్ మీడియా భగ్గుమంది, చివరికి ఆవిడే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అన్నం జోలికి వెళ్తే ఏమవుతుందో మన రాజకీయ నాయకులకు వేరే చెప్పాలా?

ఈ చెయిన్‌ను తీసిపారేసే అలవాటు తిండి గురించి రాసేవాళ్లలో ఉంది. నేనలా అనను. చవక, శుభ్రం, అన్ని ఊళ్లలో ఒకే రుచి, బొగ్గు మీద కాల్చడం, ఇవన్నీ నిజమే. అయితే వందల శాఖల్లో ఒకే రుచి రావాలంటే కొన్ని వదులుకోక తప్పదు. కోడి ఒకే బరువున్న బాయిలర్ అవుతుంది. పులుపు తగ్గి తీపి ముందుకొస్తుంది, ఎందుకంటే దేశమంతటికీ నచ్చే రుచి తీపి వైపే మొగ్గుతుంది. ప్రతి మనోకాన్‌కీ తనదంటూ ఉండే వెనిగర్ ఘాటు పోతుంది. మన పిల్లల "అంతా తియ్యగా ఉంటుంది" అన్న ఫిర్యాదులో కొంత ఇక్కణ్ణుంచే వచ్చింది. అదే కోడిని బకోలోడ్‌లో తింటే ముందు తగిలేది పులుపు, తర్వాత పొగ, చివర్లో ఎక్కడో కాస్త తీపి.

దక్షిణానికి వెళ్తే లెక్క మొత్తం మారిపోతుంది. సులు ద్వీపాల్లో, జంబోవాంగాలో తౌసుగ్ ముస్లింలు ఉంటారు. వాళ్ల వంటలో పంది ఉండదు, వెనిగర్ కన్నా కొబ్బరిది పెద్దపీట. మలయ్, ఇండోనేసియా తీరాలతో శతాబ్దాల వ్యాపార బంధం ఉంది కాబట్టి పసుపు, మిరప, దుంపరాష్ట్రం ధారాళంగా పడతాయి. వాళ్ల పియాంగ్గాంగ్ చూస్తే ఎవరైనా మాడిపోయిందనే అనుకుంటారు. కొబ్బరిని బొగ్గులా నల్లబడే దాకా కాల్చి, నిమ్మగడ్డి, పసుపు, అల్లం, వెల్లుల్లి, చిన్న ఉల్లి, మిరపకాయలతో కలిపి మెత్తగా నూరతారు. ఆ నల్ల ముద్దలో కోడిని కొబ్బరిపాలతో ఉడికించి, తర్వాత నిప్పుల మీద కాలుస్తారు, మిగిలిన ముద్దను చిక్కబరిచి మీద పోస్తారు. చేదు ఉంటుందనుకుంటే పొరపాటు. కమ్మదనం, కారం, లోతైన మాడు వాసన. తెలుగు నాలుకకు ఫిలిప్పీన్స్ మొత్తంలో అన్నిటికంటే దగ్గరగా వచ్చే కోడి ఇదేనని నేను గట్టిగా అనగలను. విచిత్రమేమిటంటే ఉత్తరాన ఉండే క్రైస్తవ బికోల్ ప్రాంతంలోనూ కాల్చిన కొబ్బరి నుంచి పాలు తీసి కోడి వండే పద్ధతి ఉంది. మతం వేరు, దూరం ఎక్కువ, కొబ్బరి మాత్రం రెండు చోట్లా ఒకటే.

జంబోవాంగా పొద్దున్నే సత్తీతో లేస్తుంది. చిన్న చిన్న పుల్లల మీద కాల్చిన కోడి లేదా గొడ్డు మాంసం, కొబ్బరాకులో ఉడికించిన అన్నం ముక్కలు, రెండిటినీ ముంచెత్తే ఎర్రటి చిక్కని కారపు పులుసు. ఇండోనేసియా సతేకి ఇది చుట్టం. టిఫిన్‌గా తింటారు, తెల్లారకముందే దుకాణాలు నిండుతాయి. హలాల్ కోసం వెతికేవాళ్లకు ఈ రెండూ నిశ్చింత. విసాయాస్ మనోకాన్‌లలో ఆ హామీ ఉండదు, అడిగి తెలుసుకోవాలి.

ఇన్ని ఊళ్ల తిండి ఉన్నా బయటి ప్రపంచం పటం వేరుగా ఉంది. రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి ఫిలిప్పీన్స్‌కి వచ్చి 2025 అక్టోబరులో ప్రకటించిన జాబితా మనీలా పరిసరాలకీ సెబూకీ పరిమితమైంది. బకోలోడ్, ఇలోయిలో, జంబోవాంగా అందులో లేవు. యునెస్కో మాత్రం 2023లోనే ఇలోయిలోను ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది, ఆ దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే. ఈ విషయంలో నా ఓటు యునెస్కోకే.

మన పటంలో చేర్చుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ఇలోయిలో, నెగ్రోస్ ఇళ్లలో కద్యోస్ అనే గింజ లేకుండా వారం గడవదు. అది మన కందే. మనం పప్పు చేసుకుంటే వాళ్లు గింజలను పొట్టుతో అలాగే ఉడికిస్తారు, పులుసు ముదురు ఊదారంగులోకి తిరుగుతుంది. అందులో నాటుకోడి, సన్నగా తరిగిన అరటి దూట వేసి చేసే కూర నెగ్రోస్‌లో ఇంటింటి వంట. కంది, కోడి, అరటి దూట. మూడూ మన పెరట్లో ఉన్నవే, ముగ్గుర్నీ ఒకే కుండలో కూర్చోబెట్టాలన్న ఆలోచనే మనకు రాలేదు. మనోకాన్‌లో ఇది దొరక్కపోవచ్చు, మధ్యాహ్నం పూట చిన్న భోజనశాలల్లో అడగండి.

ఇంట్లో ఇనసాల్ ప్రయత్నించాలనుకుంటే కష్టమేమీ లేదు. కిలో లెగ్ పీసులకు పావు కప్పు వెనిగర్, మూడు చెంచాల నిమ్మరసం, నాలుగు నిమ్మగడ్డి కాడలు తెల్లభాగం దంచి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అల్లం, మిరియాలు, ఉప్పు, చెంచాడు బెల్లం. చర్మం తీయించొద్దు, స్కిన్‌లెస్ కోడితో ఈ వంట కుదరదు. రెండు మూడు గంటలు నానితే చాలు. జాఫ్రా గింజలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అర కప్పు నూనెలో రెండు చెంచాలు వేసి సన్నసెగ మీద రంగు దిగే దాకా ఉంచి దించేయాలి, పొగ వచ్చిందంటే చేదెక్కుతుంది. దొరక్కపోతే రంగు లేకుండానే చేసుకోండి గానీ కృత్రిమ ఎరుపు వేయకండి. బొగ్గుకు బదులు కొబ్బరి చిప్పలు కాల్చిన నిప్పులైతే ఇంకా మంచిది. ఎముక పక్కన కాస్త ఎరుపు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, లేత బాయిలర్‌లో మూలగ రంగు బయటికి దిగుతుంది. థర్మామీటర్ ఉంటే మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి.

బకోలోడ్ వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత ఫొటోల్లో చూసిన మనోకాన్ కంట్రీ ఇప్పుడు అలా లేదు. 2024లో దుకాణదారులను తాత్కాలికంగా వేరే చోటికి తరలించి, ఆ స్థలంలో మాల్ సంస్థతో కలిసి నగరం కొత్త కట్టడం మొదలుపెట్టింది. దశాబ్దాల మసి పట్టిన పైకప్పులు, గోడలు లేని వరండాలు, రోడ్డు మీదికే వచ్చే పొగ అక్కడి గుర్తులు. కొత్త భవనంలో అద్దె ఎంతన్నది దుకాణదారుల ఆందోళన. తినేవాళ్లుగా మనం అడగాల్సింది పొగ గురించి: బొగ్గుల పొయ్యిని అలాగే ఉండనిస్తారా, చిమ్నీ కింద గ్యాస్ గ్రిల్ పెట్టమంటారా? గ్యాస్ వస్తే నూనె చుక్కలు పడేందుకు నిప్పులుండవు. ఈలోగా తరలించిన దుకాణాలు పాత పేర్లతోనే నడుస్తున్నాయి. సాయంత్రం ఆరు లోపు వెళ్తే ఇసోల్ దొరకొచ్చు.